కరుగులో ఇనుము

ఫిబ్రవరి 9

ప్రియమైన బావకి,

కవరు మీద నా దస్తూరి చూసి విప్పకుండా పక్కన పడేస్తావేమోనని కాసేపు భయపడ్డాను. తర్వాత, నువ్వలాంటి మనిషివి కాదులే అని ధైర్యం తెచ్చుకుని రాస్తున్నాను. మూడేళ్ల కిందట అక్క పోయినప్పుడు వచ్చి, గంటసేపు కూర్చుని, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాను. అంతకుముందు పదహారేళ్లలో ఎన్నిసార్లు వచ్చానో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బాగున్నావా అని అడగడానికి మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను, బాగున్నావా? ఫోన్లో నీకు మాట సరిగా వినపడదని అక్క చెప్పేది. కొలిమి బ్లోయరు పక్కన ఇరవై రెండేళ్లు నిలబడ్డ చెవులు కదా. అందుకే ఉత్తరం.

అసలు సంగతేమిటంటే, నాకు నీతో పని పడింది.

మా ల్యాబులో లోహపు ముక్కల్ని అచ్చులో పోయం, ముద్రిస్తాం. పిండి కన్నా మెత్తటి లోహపు పొడిని వెంట్రుక మందాన పరిచి, కావలసిన చోట మాత్రం లేజరుతో కరిగిస్తాం. దాని మీద మళ్లీ ఇంకో పొర. అలా వేల పొరలు. నీకు తెలిసిన అల్యూమినియం రెండొందల డిగ్రీలు దాటితే మెత్తబడిపోతుంది. అందుకే ఇంజను వేడి తగిలే చోట దాన్నెవరూ నమ్మరు. వేడికి ఆగే రకాలు ఉన్నాయి కానీ, వాటిలో కలిపే అరుదైన లోహాల ధర వింటే కొనేవాడు లేచి వెళ్లిపోతాడు. ఏ ఊళ్లోనైనా దొరికే చవక సరుకుతో ఆ పని చెయ్యాలని నాలుగేళ్లుగా మా తాపత్రయం.

మేం కలుపుతున్నదేమిటో చెబితే నువ్వు నవ్వుతావు. ఇనుము.

అల్యూమినియానికి ఇనుము విషం అని నాకు నేర్పింది నువ్వే. అచ్చులో మెల్లగా చల్లారేటప్పుడు ఇనుము సూదుల్లా పేరుకుని ముక్కని పెళుసు చేస్తుంది. కానీ లేజరు కింద కరిగిన చుక్క రెప్పపాటులో వెయ్యోవంతుకే గడ్డకడుతుంది. సూదులుగా ఎదగడానికి ఇనుముకి వ్యవధే ఉండదు. కంటికి ఆనని రవ్వలుగా అంతటా ఇరుక్కుపోతుంది. ఆ రవ్వలే వేడిలో లోహాన్ని జారిపోకుండా పట్టి ఉంచుతాయి. తోడుగా కాస్త మాంగనీసు, ఇంకాస్త టైటానియం. అన్నీ చవకవే.

చిక్కల్లా పొడి తయారుచేసే దగ్గర వచ్చింది. మూసలో కరిగించి, అడుగున సన్నటి రంధ్రంలోంచి ధారగా వదిలి, దాని మీద గ్యాసు బలంగా కొడితే ధార చెదిరి పొడి అవుతుంది. మూడుసార్లు చేశాం. మూడుసార్లూ సగంలో రంధ్రం పూడుకుపోయింది. వచ్చిన పొడిలో మేం వేసినంత ఇనుము లేదు. మిగతాది మూస అడుగున రాయిలా ఉంది. మావాళ్లందరూ కంప్యూటర్లలో జవాబు వెతుకుతున్నారు. నాకు మాత్రం నువ్వు గుర్తొచ్చావు. అంత మంచి కరుగు మేస్త్రిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఏమైనా తోస్తే రెండు ముక్కలు రాయి.

ఇట్లు,
నీ బావమరిది


ఫిబ్రవరి 27

ప్రియమైన అగ్గిపుల్లకి,

బావ ఆశీస్సులు. ఆ పేరు ఇంకా నీకు నప్పుతుందో లేదో. మూడేళ్ల కిందట చూసినప్పుడు నువ్వు పుల్లవి కాదు, పెట్టెవి అయ్యావు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి, ఎవరో చచ్చారు కాబోలు అనుకుంటూ చదివాను. రెండోసారి నీ దస్తూరి చూడ్డానికి చదివాను. మూడోసారికి గానీ సంగతి బుర్రకెక్కలేదు. కావాలని ఇనుము కలుపుతున్నారా? నా జీవితమంతా కరుగులో ఇనుము పడకుండా కాపలా కాసి, చివరికి నువ్వు గుప్పిళ్లతో పోస్తున్నావని వినాల్సి వచ్చింది. కానియ్.

నేను బాగానే ఉన్నాను. ఇప్పటికీ లారీల బరువు తూచే వేబ్రిడ్జి దగ్గరే. లారీ ఎక్కుతుంది, అంకె చూస్తాను, చీటీ రాస్తాను, లారీ దిగుతుంది. సైకిలు షాపు పైన అవే రెండు గదులు. మీ అక్క కుట్టు మిషను కిటికీ దగ్గరే ఉంది. అమ్మేయమని షాపువాడు అంటాడు. నేను మెట్లెక్కి వచ్చేస్తాను.

నీ మూస అడుగున ఉన్నది మడ్డి. మేం దాన్ని అలాగే అనేవాళ్లం. ఇనుము, మాంగనీసు ఎక్కువైన కరుగు కాస్త చల్లబడితే చాలు, ఆ రెండూ జతకట్టి గింజలై కిందకి దిగిపోతాయి. పైన చూస్తే అద్దంలా మెరుస్తూ ఉంటుంది, మోసం. మీరు తేరిన నీళ్లు పోసి, అడుగున సారమంతా వదిలేస్తున్నారన్నమాట. ఇంకా వేడిగా ఉంచండి. ఎంత అంటే నేను అంకె చెప్పలేను, మీ దగ్గర మీటరు ఉంటుంది కదా, ఇప్పుడున్నదానికి ఇంకో వంద చేర్చి మొదలుపెట్టండి. టైటానియం అన్నావు, అది ఇంకా మొండిది, దాన్ని చివర్న వెయ్యండి. వేశాక కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవద్దు. కలిపేటప్పుడు పైపైన తిప్పడం కాదు, అడుగు తాకి పైకి లేపాలి. కడ్డీ కొన గరగరమంటూ తగిలిందంటే మడ్డి ఇంకా ఉన్నట్టు. నున్నగా జారితే ఇక పొయ్యొచ్చు. ముఖ్యంగా ఆ రంధ్రం. దాన్ని ముందే ఎర్రగా కాల్చారా, లేదా? చల్లటి గొంతులోంచి ఇంత వేడి కరుగు దిగుతుంటే అక్కడే గడ్డకట్టక ఏం చేస్తుంది?

నన్ను కరుగు మేస్త్రి అని రాయకు. ఆ పని వదిలేసి పందొమ్మిదేళ్లయింది.

ఇంకో మాట, ఎదురుగా ఉంటే అనలేను కాబట్టి రాస్తున్నాను. నువ్వు మా ఇంటికి రావడం తగ్గించింది ఎందుకో నాకు తెలుసు. నా నిర్లక్ష్యంతో ఒక లాటు చక్రాలు మొత్తం పగిలాయి. ఆ ఫౌండ్రీ ల్యాబులో నీకు ఉద్యోగం ఇప్పించింది నేనే, నా తప్పు మీద రిపోర్టు రాయాల్సి వచ్చింది నీకే. ఆ వయసులో అది ఎంత కష్టమో. నువ్వు ఉన్నది ఉన్నట్టు రాశావు, నీ ధర్మం నువ్వు చేశావు. నాకు నీ మీద ఏ కోపమూ లేదు. నీకు తలవంపులు తెచ్చాను. క్షమించు.

నీ బావ


మార్చి 20

ప్రియమైన బావకి,

మూస ఖాళీ అయింది! చివరి చుక్క దాకా దిగింది. నూట పది డిగ్రీలు పెంచాం, టైటానియం చివర్న వేశాం, రంధ్రాన్ని ఎర్రగా కాల్చాం. పొడి తీసి చూస్తే మొదటి గుప్పెడులోనూ చివరి గుప్పెడులోనూ ఇనుము సమానంగా ఉంది. మా డైరెక్టరమ్మ ఇది ఎవరి ఆలోచన అని అడిగింది. మా బావది అన్నాను. ఆవిడ ఏ యూనివర్సిటీ అంది. వేబ్రిడ్జి అన్నాను. అలాంటి యూనివర్సిటీ ఎక్కడుందా అని ఆవిడ నిజంగానే ఆలోచించింది.

కానీ రెండోసారి మళ్లీ సగంలో ఆగిపోయింది. మా టెక్నీషియను చదువుకున్నవాడు, శ్రద్ధగలవాడు. అయితే కడ్డీ అడుగు తాకినప్పుడు చేతికి ఏం తెలియాలో అతనికి తెలియదు. 'గరగరమంటోందా?' అని నేనడిగితే 'అన్నీ ఒకేలా ఉన్నాయి సార్' అంటాడు. నాకూ తెలియదనుకో, ఆ పక్కన నిలబడి ఊరికే అడుగుతున్నాను.

ఒక్కసారి రాగలవా? రెండు రోజులు చాలు. గెస్టుహౌసు ఉంది, శుభ్రంగా ఉంటుంది.

నువ్వు ఉత్తరం చివర రాసిన దాని గురించి ఇప్పుడేమీ రాయలేను. నన్ను క్షమించమని అడక్కు బావా. దయచేసి అడక్కు.

నీ బావమరిది


ఏప్రిల్ 2

ప్రియమైన అగ్గిపుల్లకి,

రాలేను.

సెలవు దొరకదని రాద్దామనుకున్నాను, కానీ అబద్ధం నాకు అతకదు. సెలవు దొరుకుతుంది. నేను కరుగు దగ్గరికి వెళ్లను, అంతే.

అప్పుడు ఉద్యోగం పోయాక రెండు ఫౌండ్రీలవాళ్లు కబురు పెట్టారు. మంచి జీతాలే. వెళ్లలేదు. ఎందుకో నీకు చెబుతాను, ఎవరికీ చెప్పలేదు. గరిటె ఇనుము కరుగులోకి దిగకుండా వేసే సుద్ద పూత, ఆ రోజు వేసినట్టే నాకు గుర్తు. బ్రష్షు పట్టుకున్నది గుర్తు, ఆరడానికి గోడకి ఆనించింది గుర్తు. కానీ రిపోర్టులో పూత లేదని ఉంది. కరుగులో ఇనుము కనపడింది, చక్రాలు పగిలాయి. అంటే నాకు గుర్తున్నది ఇంకేదో రోజు సంగతి అయ్యుండాలి. వెయ్యని పూతని వేసినట్టు అంత స్పష్టంగా గుర్తుపెట్టుకునే బుర్రని ఎలా నమ్మమంటావు? ఈసారి పగిలేది ఒక చక్రమే కాకపోతే? పక్కన నిలబడ్డవాడి కాళ్ల మీద పడితే?

ఇప్పటికీ తాళం వేసి మెట్లు దిగి, మళ్లీ ఎక్కి చూసుకుంటాను. రోజూ. సైకిలు షాపువాడు నవ్వుతాడు.

కడ్డీ విషయం ఆ టెక్నీషియన్ని చల్లటి మూసలో ఇసుక పోసి సాధన చెయ్యమను. కొంచెం ఇసుక, కొంచెం గులకరాళ్లు. చెయ్యి దానంతటదే నేర్చుకుంటుంది.

నీ బావ


ఏప్రిల్ 10

ప్రియమైన బావకి,

నువ్వు కడ్డీ పట్టుకోనక్కర్లేదు. పక్కన కుర్చీ వేస్తాను, కూర్చుని చెప్పు. అంతే. ఇరవై తొమ్మిదికి బస్సు టిక్కెట్టు దీనితో పంపుతున్నాను. కిటికీ పక్క సీటు.

రా బావా. పని కోసం కాకపోయినా నా కోసం రా.

నీ బావమరిది


మే 6

ప్రియమైన అగ్గిపుల్లకి,

క్షేమంగా చేరాను. బస్సులో పక్క సీటాయన నన్ను ఏం చేస్తుంటారని అడిగితే, ఏ కళనున్నానో, 'కరుగు పని' అన్నాను. అన్నాక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను, అబద్ధమాడి దొరికిపోయినట్టు. ఆయన మాత్రం 'ఓహో' అని నిద్రపోయాడు.

కుర్చీలో కూర్చోబెడతానని పిలిచి, కుర్చీ ఎక్కడ పెట్టావురా? వెతికినా కనపడలేదు. సరే, నాదీ తప్పే. ఆ టెక్నీషియను కడ్డీని గరిటెతో చారు కలిపినట్టు కలుపుతుంటే చేతులు ఊరుకోలేదు.

మీ గది మాత్రం ఆసుపత్రిలా ఉంది. కరుగు వాసన రావడానికి అరగంట పట్టింది. వచ్చాక ఇంక పరవాలేదనిపించింది. ధార దిగుతున్నప్పుడు ఆ గాజు కిటికీలోంచి చూశాను చూడు, తెల్లగా, పొగమంచులా చెదిరిపోతూ... మా కాలంలో ధార చెదిరితే తిట్లు పడేవి. అదే ఇప్పుడు పనట.

ఇంటికొచ్చి మీ అక్క ఫోటోకి అంతా చెప్పాను. ఆవిడ ఉంటే ఎంత సంబరపడేదో. రెండు పూటలూ బాగా తిన్నాను. ఇది నీకు రాయాల్సినంత విషయం కాదు గానీ రాశాను.

ఆ ముక్క సంగతి ఏమైందో రాయి. ముద్రించారా? వేడిలో పెట్టారా? నిలబడిందా?

ఆ టెక్నీషియన్ని అడిగినట్టు చెప్పు. నేర్చుకుంటాడు, పరవాలేదు.

నీ బావ


జూన్ 15

ప్రియమైన బావకి,

నిలబడింది. ముందు ఆ సంగతి రాస్తాను.

నువ్వు కలిపిన కరుగుతో చేసిన పొడితో పన్నెండు ముక్కలు ముద్రించాం. మూడొందల డిగ్రీల వేడిలో వంద గంటలు ఉంచి, ఆ వేడిలోనే లాగి చూశాం. మామూలు పోత ముక్కలు సాగిపోయి తెగాయి. మనవి వాటికి రెండింతల బలాన్ని ఓర్చుకున్నాయి. పన్నెండూ. తరవాత పాత ఇంజన్ల తుక్కు కరిగించి, అందులో ముందే ఉన్న ఇనుముని తీసెయ్యకుండా, దాన్నే వాడి ఇంకో మూస చేశాం. అవీ నిలబడ్డాయి. ఎవరూ కొనని తుక్కు ఇక ఇంజనుకే పనికొస్తుంది. డైరెక్టరమ్మ నీకు ఉద్యోగం ఇవ్వాలంటోంది, వారానికి రెండు రోజులు. కాగితం విడిగా వస్తుంది.

ఇక రెండో సంగతి. ఇది రాయడానికి నెల పట్టింది.

నువ్వు మా ల్యాబుకి వచ్చిన రోజు కడ్డీకి పూత వేశావు. వేసి నన్ను పిలిచావు. 'ఒరేయ్, పూత చూశావా?' అన్నావు. 'చూశాను బావా, ఉంది' అన్నాను. 'దగ్గరికొచ్చి చూడు' అన్నావు. వచ్చి చూశాను. నువ్వు రెండడుగులు వేసి మళ్లీ వెనక్కొచ్చావు. 'ఇంకోసారి చూడరా, కొన దగ్గర.' టెక్నీషియను నవ్వాడు. 'సార్, ఇందులో మనం ఇనుము కావాలనే వేస్తున్నాం. పూత లేకపోయినా కొంపేం మునగదు' అన్నాడు. నువ్వు నవ్వలేదు. జేబులోంచి చీటీ తీసి, 'పూత ఉందని నువ్వు చూసినట్టు దీని మీద రాసి సంతకం పెట్టు' అన్నావు. పెట్టాను. నువ్వు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడు గానీ కరుగు దగ్గరికి వెళ్లలేదు.

బావా, పందొమ్మిదేళ్ల కిందట ఆ రోజు ఫౌండ్రీలో కూడా పూత ఉంది.

నీకు గుర్తున్నదే నిజం. బ్రష్షు నిజం, గోడకి ఆనించడం నిజం. ఇనుము నీ గరిటెలోంచి రాలేదు. తుక్కులోంచి వచ్చింది. ఆ పొద్దున వచ్చిన లారీ సరుకులో పాత ఇంజను ముక్కల లోపల ఉక్కు బుషు గొట్టాలు ఉండిపోయాయి. ప్రతి లారీ నుంచి కాస్త తీసి, కరిగించి, ఇనుము ఎంతుందో చూసి సంతకం పెట్టాల్సింది నేను. ఆ మధ్యాహ్నం రెండింటికి నాకు పైచదువు ఇంటర్వ్యూకి బస్సు. పరీక్ష చెయ్యలేదు. అంతకుముందు లారీ అంకెలే వేసి సంతకం పెట్టి వెళ్లిపోయాను. ఆ సరుకునే నువ్వు కరిగించావు.

చక్రాలు పగిలాక మేనేజరు ఇనుము ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగాడు. అప్పటికి నేను మిగిలిన తుక్కు తీసి పరీక్షించి ఉన్నాను. నాకు తెలుసు. తెలిసే, 'గరిటె పూత లోపించడం వల్ల కావచ్చు' అని రాశాను. ఆయన 'కావచ్చు' కొట్టేసి 'అయింది' అని టైపు చేయించాడు. ఆ ఒక్క మాట వెనకాల ఇన్నేళ్లు దాక్కున్నాను. నేను 'కావచ్చు' అనే కదా రాశాను, అని.

ఇంకొకటి కూడా ఉంది. అది రాయకుండా వదిలేద్దామని ఈ కాగితం రెండుసార్లు చించాను. సగం నిజం రాసి నీ దగ్గర మళ్లీ మంచివాణ్ని కావడం ఇంకా నీచం అనిపించింది.

అక్కకి తెలుసు.

విచారణ ముందు రోజు సాయంత్రం అక్కకి చెప్పేశాను. మిషను తొక్కుతున్నది ఆపింది. తర్వాత, 'ఇప్పుడు చెబితే నీకు ఫౌండ్రీవాళ్లు సర్టిఫికెట్టు ఇవ్వరు. సీటు పోతుంది. ఆయన చేతిలో విద్య ఉంది, ఈ పని పోతే ఇంకో చోట రెట్టింపిచ్చి తీసుకుంటారు. నువ్వు వెళ్లి చేరిపో. ఆయనకి నేను చెబుతాను, సమయం చూసి' అంది. నువ్వు ఇంక ఎక్కడా చేరవని తనకేం తెలుసు?

మొదట్లో ఫోన్ చేసినప్పుడల్లా 'చెప్పావా?' అని అడిగేవాణ్ని. 'ఇంకా లేదురా.' రెండేళ్లయ్యాక అడగడం మానేశాను. ఒకసారి తనే అంది, 'ఇప్పుడు చెబితే ఆయన నిన్నేమీ అడగరు. ఇన్నాళ్లూ నువ్వెందుకు చెప్పలేదని నన్ను అడుగుతారు' అని. నేను మీ ఇంటికి రాలేకపోయింది నీ వల్ల తలవంపులై కాదు బావా. అక్క కళ్లలోకి నేను, నా కళ్లలోకి అక్క చూడలేక.

ఆ రిపోర్టు తప్పని రాసి, సంతకం పెట్టి, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఎవరికి చూపించాలన్నా చూపించు. నన్ను క్షమించగలవా?

నీ బావమరిది


సెప్టెంబరు 28

ప్రియమైన అని మొదలుపెట్టాలని కలం పెట్టాను. చెయ్యి సాగలేదు. అది లేకుండానే చదువుకో.

నీ ఉత్తరం వేబ్రిడ్జి కేబిన్లో చదివాను. లారీ ఒకటి పైకి ఎక్కి హారను కొడుతోందట, నాకు వినపడలేదు. డ్రైవరు దిగొచ్చి కిటికీ తట్టాడు. చీటీ రాసిచ్చాను. సాయంత్రం చూసుకుంటే ఆ బరువు తప్పు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

నువ్వు పంపిన సంతకం కాగితం బాగుంది. ఎవరికి చూపించను? ఫౌండ్రీ మూతపడి తొమ్మిదేళ్లు. మేనేజరు పోయాడు. నాతో పనిచేసినవాళ్లు ఎవరెక్కడున్నారో తెలియదు. ఆ రోజు నన్ను చూసి తలలు తిప్పుకున్న వాళ్లందరినీ వెతికి, ఇంటింటికీ తిరిగి చూపించనా? చూపించాలని ఉన్నది ఒక్క మనిషికే. ఆ మనిషికి ముందే తెలుసంటున్నావు.

మీ అక్క ఫోటోతో మాట్లాడటం మానేశాను. పదకొండు రోజులు. పన్నెండో రోజు, పొద్దున్నే షర్టు గుండీ ఊడితే, అలవాటు కొద్దీ 'దారం ఎక్కడ పెట్టావే?' అన్నాను. అని, అక్కడే మంచం మీద కూర్చుండిపోయాను. ఆ రోజు పనికి వెళ్లలేదు.

నేను ఏం తలుచుకుంటున్నానో నీకు తెలియాలి. ఆ రెండు ఫౌండ్రీల నుంచి కబురొచ్చినప్పుడు మీ అక్క నా పెట్టె సర్దింది. రెండుసార్లూ. 'వెళ్లండి. మీరు మర్చిపోయే మనిషి కాదు. ఆ రోజూ మర్చిపోలేదు' అంది. 'నీకేం తెలుసు?' అని కసిరాను. సర్దిన బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్లీ అలమరలో పెట్టేసింది. పదహారేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు అందో. తాళం చూసుకోవడానికి నేను మెట్లెక్కినప్పుడల్లా, 'వేశారండీ, నేను చూశాను' అనేది. నేనదంతా ఓదార్పు అనుకున్నాను. సాక్ష్యమని ఇప్పుడు తెలిసింది.

పదహారేళ్లు ఊళ్లోవాళ్ల జాకెట్లు, పిల్లల యూనిఫారాలు కుట్టింది. కళ్లు లాగుతున్నా కుట్టింది. వద్దంటే వినేది కాదు. నా మీద ప్రేమనుకున్నాను. లోపల ముల్లు గుచ్చుకుంటుంటే కుట్టిందా? రెండూ అయ్యుండొచ్చు. ఎలా తెలుసుకోమంటావు?

నీ మీద నా కోపం తుక్కు పరీక్ష చెయ్యనందుకు కాదు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, బస్సు తప్పిపోతుందని కంగారు. నేనైనా చేసేవాణ్నేమో. కావచ్చు అని రాసినందుకు కోపం ఉంది, అది ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద కోపం దేనికంటే, ఇదంతా ఆవిడ బతికుండగా చెప్పనందుకు. అప్పుడు చెప్పి ఉంటే నేను అరిచేవాణ్ని. గిన్నెలు విసిరేవాణ్ని. నెలో రెండు నెలలో మాట్లాడేవాణ్ని కాదు. ఆవిడ ఏడ్చేది, అలిగేది, చివరికి ఏ కూర కారం దగ్గరో మళ్లీ మాటలు కలిసేవి. మొగుడూ పెళ్లాల మధ్య వచ్చి, సర్దుకోని గొడవేముంది? ఇప్పుడు నేను ఎవరితో పోట్లాడను? నీ మనసు తేలికపడింది, సంతోషం. పందొమ్మిదేళ్లుగా లారీలు చూడ్డమే నా పని కదా, ఒక లారీ నుంచి దించిన సరుకు ఇంకో లారీ ఎక్కక తప్పదు. ఇది నా మీదికి ఎక్కింది.

ఆ భాగం నువ్వు దాచి ఉండాల్సిందా అని చాలా ఆలోచించాను. ఒకరోజు అవుననిపిస్తుంది, ఒకరోజు కాదనిపిస్తుంది. దాచి ఉంటే, నేను పోయేదాకా ఫోటోతో కబుర్లు చెప్పుకుంటూ సుఖంగా ఉండేవాణ్ని. ఆవిడ ఒక్కతే మోసింది ఏమిటో తెలియకుండానే పోయేవాణ్ని. ఏది మేలో నాకు తేలడం లేదు.

క్షమించగలవా అని అడిగావు. లేదు. ఇవాళ్టికి లేదు.

మీ డైరెక్టరమ్మ కాగితం వచ్చింది. ఆవిడకి విడిగా జవాబు రాశాను, ఒప్పుకున్నానని. వేబ్రిడ్జి పనికి రాజీనామా ఇచ్చాను. నీ మీద ప్రేమతో కాదు, నీ మీద కోపంతో కూడా కాదు. నా చేతులు ఏ తప్పూ చెయ్యలేదని తెలిశాక వాటిని చీటీలు రాయడానికి వాడటం నాకే అన్యాయంగా తోచింది. నలభై ఒకటో ఏట తెలిసి ఉంటే ఇంకా ఎంత పని చేసి ఉండేవాణ్నో. అరవైలో తెలిసింది. ఉన్నంత మేరకు చేస్తాను.

అక్టోబరు మొదటి సోమవారం వస్తున్నాను. ఎనిమిదింటికి రంధ్రం వేడెక్కించి ఉంచమని టెక్నీషియనుకి చెప్పు. నువ్వు మాత్రం ఆ గదిలోకి రాకు. ఎన్నాళ్లని అడక్కు, నాకూ తెలియదు. ఒకరోజు నేనే తలుపు తీసి పిలిస్తే అప్పుడు రా. పిలవకపోతే నీ పని నువ్వు చేసుకో. పొడి మాత్రం బాగా వస్తుంది. ఆ మాట నేనిస్తున్నాను.

ఇట్లు,
మీ అక్క భర్త